పొడి కాదు, ఆకు దాచుకోండి

కరోనా కాలం నుంచి ఆకుల పొడుల మీద మోజు బాగా పెరిగింది. గట్ల మీద, ఖాళీ స్థలాల్లో, చెరువు అంచుల్లో వాటంతటవే మొలిచే తిప్పతీగ, గుంటగలగర, నేల ఉసిరి, అటికమామిడి కోసుకొచ్చి ఎండబెట్టి, మిక్సీ పట్టి సీసాలకెత్తుకునే ఇళ్లు పట్నాల్లోనూ కనబడుతున్నాయి. డబ్బు ఖర్చు లేని ఈ అలవాటు మంచిదే. తప్పంతా చివర్లో మిక్సీ పట్టడంలో ఉంది. ఆరిన ఆకును ఆకుగానే దాచాలి. పొడి కావాలంటే వాడుకునే ముందు, అవసరమైనంత మటుకే కొట్టుకోవాలి.

మొదటి కారణం గుర్తింపు. గుంటగలగరకు తెల్లపూలు. అలాంటి తడి నేలల్లోనే పాకుతూ పసుపు పూలు పూసే మొక్క వేరు. తిప్పతీగతో మరీ చిక్కు. అది సురక్షితమేనని చెబుతూనే, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగతో పొరబడితే హాని జరగవచ్చని 2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆయుష్ శాఖ హెచ్చరించింది. ఆ రెండో తీగ కాడ నిండా బుడిపెలుంటాయి. ఎండిన ముక్కనైనా వేలితో తడిమితే తెలుస్తాయి. మిక్సీలో పడ్డాక రెండూ ఒకటే. వినాయక చవితి పత్రినే చూడండి: తులసి, వావిలి, ఉత్తరేణి ఉన్న బుట్టలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి. పూజకు అన్నీ సమానమే, కడుపుకు కాదు. కోలగా, మందంగా, నడి ఈనె తేలి ఉండే గన్నేరాకు ఎండినా దొరికిపోతుంది. పొడిలో కలిస్తే కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

రెండో కారణం గాలి, చెమ్మ. ఆకుకు వాసననిచ్చే నూనెలు నలగనంత కాలం చాలావరకు దానిలోనే నిలిచి ఉంటాయి. పొడి చేయగానే గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది. మిక్సీ మూత తీసినప్పుడు వంటిల్లంతా గుప్పుమనే తులసి వాసన సీసాకు దక్కకుండా పోయినదే. ఇక పచ్చి ఆకుల్లో చాలావాటికి నూటికి 80 నుంచి 90 పాళ్లు నీరే. అది 10 పాళ్ల లోపుకు దిగితే బూజు భయం ఉండదు. తేమ కొలిచే పరికరం అక్కర్లేదు, ఆకే చెబుతుంది. వేళ్ల మధ్య నలిపితే గలగలా విరగాలి, కాడ వంచితే పుటుక్కున తెగాలి. అప్పుడు గాజు సీసాలో పోసి, మూత బిగించి రెండు మూడు రోజులు చూడాలి. లోపల ఆవిరి పట్టినా, ఆకు మెత్తబడినా మళ్లీ పరచాల్సిందే. పొడికి ఇన్ని పరీక్షలు పెట్టలేం. అది చెమ్మ పీల్చి గడ్డకట్టినా, లోపల బూజు పట్టినా తొందరగా బయటపడదు.

మండే ఎండలో పెడితే ఇంత శ్రమ ఎందుకు, క్రిములూ చస్తాయి కదా అనవచ్చు. వేర్లు, కాయలు, గట్టి కాడలు ఎండకు తట్టుకుంటాయి. ఆకు తట్టుకోదు, పచ్చదనంతో పాటు కెరోటిన్ కూడా పోగొట్టుకుంటుంది. పైగా ఆరడం వల్ల క్రిములు పెరగవు గానీ అన్నీ చావవు. అందుకే కోయగానే కడిగి, నీళ్లు ఓడ్చి, గాలి ఆడే నీడలో పలుచగా ఆరబెట్టాలి. చిక్కేమిటంటే ఈ ఆకులు ఏపుగా వచ్చేదీ వానాకాలమే, ఆరనిదీ వానాకాలమే. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద ఆరినంతే కోసుకోవాలి. తినదగిన కూర ఆకైతే ఆ పూటే వండుకోవడం ఇంకా మేలు. ఎండిన ఆకులో సి విటమిన్ ఎలాగూ పెద్దగా మిగలదు.

మన ఇళ్లలో కరివేపాకు పొడి, మునగాకు కారం ఎప్పటినుంచో ఉన్నాయి కదా అన్నది గట్టి ప్రశ్నే. అవి పెరట్లోనో, వీధిలోనో రోజూ చూసే చెట్ల ఆకులు. పోల్చుకోవడంలో పొరపాటుకు తావు తక్కువ. పైగా తాజాగా కొట్టుకుని త్వరగా అవగొట్టేవి. ఏడాదికి దాచే చింతచిగురును మాత్రం మనవాళ్లు ఆకుగానే ఎండబెట్టి దాచి, పప్పులో వేసేటప్పుడే నలుపుతారు. ఆకు ఎక్కువ చోటు తీసుకుంటుందన్న మాటా నిజమే. నా దృష్టిలో అదొక మేలు: సీసాలో పట్టినంతే కోస్తాం, గట్టు మీద మొక్క మిగులుతుంది.

సీసా మీద మొక్క పేరు, కోసిన చోటు, నెల రాసి, వెలుతురు తగలని అరలో, పొయ్యికి దూరంగా పెట్టాలి. చోటు రాయడం ఉత్త లాంఛనం కాదు. కలుపు మందు కొట్టిన గట్టు నుంచి, లారీల పొగ తగిలే రోడ్డు పక్కనుంచి తెచ్చిన ఆకు ఎంత బాగా ఆరినా పనికిరాదు. సంతల్లో, ప్రదర్శనల్లో పొడులు అమ్మే పొదుపు సంఘాలకూ ఇదే విన్నపం: ఆకును ఆకుగా, ఈ మూడు వివరాలతో అమ్మండి. కొనేవాళ్లు కూడా పొడి బదులు ఆకే అడగాలి, ఎందుకంటే తాను పోల్చుకోలేని దాన్ని లోపలికి తీసుకోవలసిన అగత్యం ఎవరికీ లేదు.