పది మీటర్ల చోటు

మొన్న అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించుకుని, కొండ దిగి, ప్రసాదం పొట్లాలు విప్పుకుని కూర్చున్నాం. మా బావగారు ఉన్నట్టుండి ప్రకటించారు.

"మన జీడిమామిడి తోటలో షూటింగ్ రేంజి కట్టిస్తున్నా. అబ్బాయి నేర్చుకుంటాడు. మన పొలం, మన డబ్బు, అడిగేవాడెవడు?"

కాలేజీలో చదివే ఆయన కూతురు, "నేనూ నేర్చుకుంటా నాన్నా!" అంది.

"నీకెందుకే తుపాకీ? గరిటె పట్టడం నేర్చుకో చాలు" అన్నారాయన. అందరూ నవ్వారు. చెప్పొద్దూ, నేనూ నవ్వాను. ఆ పిల్ల మొహం చూశాక ప్రసాదం గొంతు దిగలేదు.

అక్కడ పెద్దాయన ముందు నోరు మెదపలేదు గానీ, ఇక్కడ ఊరుకోను.

పొలం ఆయనదే, ఒప్పుకుంటాను. గట్టు దాటి పక్క చేలో పడ్డ ఆవునైతే తోలుకురావచ్చు. గట్టు దాటిన తూటాని ఎవరు తోలుకొస్తారు? చిన్నదనుకునే పాయింట్ టూ టూ తూటా కూడా అడ్డు లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది. పక్క చేలో నాట్లు వేసే ఆడవాళ్ళుంటారు. వెనకాల కొండ ఉందిగా అంటారేమో, ఆ కొండ మీదికే కదండీ రోజూ జనం వెళ్ళేది! పైగా 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నిబంధనల ప్రకారం తుపాకీకే కాదు, రేంజికీ లైసెన్సు ఉండాలి. అడిగేవాడు ఉన్నాడన్నమాట.

ఇక 'నీకెందుకే' సంగతి. అభినవ్ బింద్రాకి తండ్రి సొంత స్థలంలోనే రేంజి కట్టించాడు. 2008లో బీజింగ్‌లో ఆ అబ్బాయి బంగారు పతకం తెచ్చాడు. కొడుకు కాబట్టి కట్టించాడంటారా? మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్‌కీ తండ్రి ఇంట్లోనే రేంజి ఏర్పాటు చేశాడు. ఆమె 2018లో, 13 ఏళ్ళకే జాతీయ చాంపియన్ అయింది. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే మామ్మ, మనవరాలికి తోడుగా వెళ్ళి, అరవై దాటిన వయసులో తుపాకీ పట్టి పతకాలు కొట్టింది. ఆవిడకి గరిటె పట్టడం రాకనా?

ఆడపిల్ల నేర్చుకోవడానికి తోటంతా అక్కర్లేదు. గాలి తుపాకీ పోటీకి దూరం 10 మీటర్లు. గుండు 4.5 మిల్లీమీటర్లు. రైఫిల్ గురిలో నడిమి చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది! పరిమితికి మించని గాలి తుపాకీకి లైసెన్సు బెడద కూడా లేదు. అలాగని అది ఆటబొమ్మా కాదు, కన్ను పోగలదు. చుట్టూ గోడలు, గురి వెనక గుండుని ఆపే ఇనపరేకు, కళ్ళద్దాలు, కాల్చేటప్పుడు మూసిన తలుపు, నేర్పే మనిషి ఉండాల్సిందే.

సంక్రాంతి వస్తే కోడిపందేల బరుల కోసం కొబ్బరితోటలు చదును చేయించి, డేరాలు వేయించే జిల్లాలు మనవి. చట్టం వద్దన్నా వాటికి చోటు దొరుకుతుంది. ఆడపిల్లకి 10 మీటర్ల చోటు మాత్రం దొరకదా?

మా పెరట్లో పాత పశువులశాల ఖాళీగా ఉంది. నిన్న టేపు పెట్టి కొలిచాను. నలభై అయిదు అడుగులు. మేస్త్రీకి కబురు పంపాను, అమ్మాయికి ఉత్తరం రాశాను.

బావగారూ రావచ్చు. కాకపోతే తలుపు తట్టి రావాలి.