నెలాఖరు, వడ్డీ, దస్తర్‌ఖాన్

ఇరవయ్యో తేదీ దాటిందంటే మనలో ఎందరి ఇళ్లలోనో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంది. ఆ పది రోజులు గడవడానికి వడ్డీకి అప్పు తెచ్చేవారున్నారు. వడ్డీ హరామ్ అని తెలియక కాదు, పిల్లల ఆకలి చూడలేక.

అయితే దీనికి దారి మొదటి వారంలోనే ఉందని మా అభిప్రాయం. ఖర్చులో దుబారా, పిసినారితనం రెండూ కూడదని దివ్య ఖుర్‌ఆన్ (25:67) బోధిస్తోంది. జీతం అందిన రోజే నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె తెచ్చుకుని, దావత్‌ల ఖర్చు ఆ తర్వాత చూసుకోవాలి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం కింద అర్హులైన కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. దాన్ని తెచ్చుకోవడం నామోషీ కాదు. మాంసం లేని రోజు ఖిచిడీ, ఖట్టా ఉంటే దస్తర్‌ఖాన్ చిన్నబోదు.

కానీ అందరికీ పెట్టి తల్లి పస్తు పడుకుంటే అది పొదుపు కాదు, అన్యాయం. ఉన్నది అందరూ కలిసి కూర్చుని తినాలి. కూరలో నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికీ పంపమని హజ్రత్ అబూజర్ (రజి)కు దైవప్రవక్త (స) బోధించారు.

మరి మనలో దుకాణాలు, కార్ఖానాలు నడిపేవారి మాటేమిటి? కూలి ఆలస్యం చేసే యజమానే పనివాణ్ణి వడ్డీ వ్యాపారి గుమ్మానికి పంపుతున్నాడు. వేళకు జీతం ఇవ్వడం, అవసరానికి ఖర్జె హసనా ఇవ్వడం వారి బాధ్యత. అది జరిగినప్పుడే పేదవాడికి పొదుపు గురించి చెప్పే హక్కు మనకు ఉంటుంది.