రంగు మారిన దీపం చెత్తబుట్టకేనా?

మన బడి పిల్లలు దీపావళికీ, కార్తీకమాసానికీ ఇంట్లో సొంతంగా చేసి తెచ్చే ఎల్‌ఈడీ దీపాల మీద ఈమధ్య పెద్దల్లో కొంత విసుగు కనిపిస్తోంది. తెల్లగా వెలగాల్సిన ఆకాశదీపం రెండో వారానికే పసుపు రంగుకు తిరిగింది. డిసెంబరు 2న ఎమిరేట్స్ జెండా రంగుల్లో బాల్కనీకి కట్టిన దండలో తెలుపు కాస్తా నీలమై కూర్చుంది. "ఎందుకీ తంటా? నాలుగు దిర్హాములు పడేస్తే బజారులో తయారుగా దొరుకుతాయి. వచ్చే ఏడాది అవే కొందాం" అని కొందరు తల్లిదండ్రుల అభిప్రాయం.

ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. డబ్బు సంగతి అటుంచండి. రంగు మారిన దీపం పాడైపోయిన దీపం కాదు, తనకేం జబ్బు చేసిందో చెబుతున్న దీపం. అది చెప్పేది వినకుండా పారేస్తే, అసలు పాఠం మొదలయ్యే చోట పుస్తకం మూసేసినట్టే.

పిల్లలూ, ముందు ఒక సంగతి తెలుసుకోండి. తెల్లటి ఎల్‌ఈడీలో తెల్లటి వెలుగు పుట్టదు! లోపల ఉండే చిన్న చిప్ ఇచ్చేది నీలం వెలుగు. దాని మీద ఫాస్ఫర్ అనే పసుపు రంగు పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూతను తాకి పసుపుగా మారుతుంది, మిగిలిన నీలంతో కలిసి మన కంటికి తెల్లగా కనబడుతుంది. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, పనికొచ్చే నీలం కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇంత కథ ఉంది ఆ మినుముగింజంత దీపంలో.

ఇప్పుడు జబ్బు కనిపెట్టడం తేలిక. మొదట దీపం పైనున్న ప్లాస్టిక్ డబ్బానో, కాగితమో తీసి చూడండి. చాలాసార్లు లోపలి దీపం భేషుగ్గానే ఉంటుంది, ఎండకు పసుపెక్కింది పైతొడుగే. (సెల్‌ఫోనులో ఫోటో తీసి తీర్పు చెప్పకండి. కెమెరా తన ఇష్టం వచ్చినట్టు రంగులు సర్దేస్తుంది. తెల్లకాగితం మీద కొత్త ఎల్‌ఈడీ పక్కన పెట్టి కంటితో చూడాలి.) తెలుపు నీలంగానో, ఊదాగానో మారితే పసుపు పూత దెబ్బతిన్నదన్నమాట. 2021 నుంచి అమెరికాలో చాలా ఊళ్ళ వీధిదీపాలు ఇలాగే ఊదారంగుకు తిరిగాయి. కారణం ఆ పూత చిప్ నుంచి ఊడిరావడమే. మన పిల్లల దీపాల్లో మాత్రం దీనికి మూలం ఎక్కువగా వేడి, లేదా శక్తికి మించిన కరెంటు.

పసుపుగా, గోధుమరంగుగా మారితే జిగురును అనుమానించండి. ఇది చాలామందికి తెలియని విషయం. జిగురుతో అతికించి, గాలి చొరకుండా మూత బిగించేస్తే, జిగురులోంచి వచ్చే ఆవిరి ఎల్‌ఈడీ మీది మెత్తటి సిలికోన్‌లోకి ఇంకుతుంది. నీలం వెలుగు, వేడి కలిసి దాన్ని మాడ్చినట్టు చేస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీలకు ఈ బాధ లేదు, నీలానికీ తెలుపుకే. శుభవార్త ఏమిటంటే, మూత తీసి గాలి తగిలేలా కొన్నాళ్ళు వెలిగిస్తే చాలాసార్లు ఆ మరక దానంతటదే పోతుంది! పారేయబోయిన దీపం మళ్ళీ తెల్లబడుతుంటే చూడ్డం కన్నా మంచి సైన్సు ప్రయోగం ఏ పుస్తకంలో ఉంటుంది? ఇక సూపర్‌గ్లూ పక్కన తెల్లటి బూడిదలాంటి పొర పేరుకుంటుంది. వెనిగర్ వాసన వేసే సిలికోన్ రాగితీగల్ని తినేస్తుంది. సముద్రపు ఉప్పుగాలి ఉన్న దుబాయి, షార్జా బాల్కనీల్లో ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

రంగురంగుల స్ట్రిప్ మొదట్లో తెల్లగా, చివర్లో ఎర్రగా ఉంటే అది జబ్బే కాదు. దూరం వెళ్ళేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది. నీలం, ఆకుపచ్చలకు ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎరుపుకు 2 చాలు. కాబట్టి ముందు నీరసించేవి నీలం, ఆకుపచ్చలే. స్ట్రిప్‌కు రెండు చివర్ల నుంచీ కరెంటు ఇస్తే సరి. ఒకే రెసిస్టర్‌కు ఎర్రదాన్నీ తెల్లదాన్నీ పక్కపక్కన కట్టినా ఇదే తగువు: కరెంటంతా ఎర్రదే లాగేసుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్ ఉండాలి. లెక్క మీ నాలుగో తరగతిదే. యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులు, తెల్లదానికి 3 పోతే మిగిలేది 2. 10 మిల్లీఆంపియర్లు చాలనుకుంటే 200 ఓములు. బజారులో దొరికేది 220, దాని మీద ఎరుపు, ఎరుపు, గోధుమ గీతలు ఉంటాయి.

10 మిల్లీఆంపియర్లేనా, 20 ఇవ్వొచ్చుగా అంటారు కొందరు నాన్నలు. ఇవ్వొచ్చు. కానీ మన ఊరు 45 డిగ్రీలు దాటే ఊరు. ఎండలో మూసిన డబ్బాలో ఇంకా ఎక్కువ. దుబాయి మున్సిపాలిటీ, ఫిలిప్స్ లైటింగ్ కలిసి 2016లో ప్రకటించిన 'దుబాయి ల్యాంప్' రహస్యం ఇదే. ఎక్కువ ఎల్‌ఈడీలు పెట్టి, ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇచ్చారు. అందుకే అది చల్లగా ఉంటూ వాటుకు 200 ల్యూమెన్ల వెలుగు ఇచ్చింది. మన ఊరి పేరు పెట్టుకున్న బల్బు చెప్పిన పాఠాన్ని మన పిల్లల దీపానికి వాడుకోవద్దా?

ఒక్క షరతు మాత్రం ఖాయంగా ఉండాలి. గోడలోని 230 వోల్టుల జోలికి పిల్లలు పోకూడదు. యూఎస్‌బీ, పెన్సిల్ బ్యాటరీలు చాలు. బిళ్ళ బ్యాటరీలు చంటిపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు, మింగితే ప్రాణాపాయం. సోల్డరింగ్ పెద్దలే చెయ్యాలి.

ఇదంతా తెలుగు బడిలో ఎందుకు, సైన్సు వాళ్ళ స్కూల్లో చెబుతారుగా అని అడగవచ్చు. చెబుతారు, ఇంగ్లీషులో. "కరెంటు ఎక్కువై మాడింది", "చివర్లో నీరసించింది", "ఇక్కడ లూజుగా ఉంది" అని మన పిల్లలు తెలుగులో ఎక్కడ అంటారు? అమ్మా, అన్నం, పండగ అనే మాటల దగ్గరే వాళ్ళ తెలుగు ఆగిపోతోంది. రెసిస్టర్‌ను 'నిరోధకం' అని పిలవమని నేననను, హైదరాబాదు కోఠిలో అలా అడిగితే కొట్టువాడే నవ్వుతాడు. ఆలోచన మాత్రం తెలుగులో సాగాలి. పని చేస్తూ మాట్లాడితేనే అది సాగుతుంది.

అందుకే కమిటీ వారికి నా విన్నపం. వచ్చే దీపావళికి దండలు కొనే ముందు ఒక శుక్రవారమో, శనివారమో తరగతి గదిలో రెండు బల్లలు వేయించండి. పిల్లలు తమ పాత దీపాలు తెస్తారు. ఏ రంగుకు మారిందో, ఎన్నాళ్ళు వెలిగిందో, ఏ జిగురు వాడారో నాలుగు తెలుగు వాక్యాల్లో రాసి దానికి కట్టి తెస్తారు. మల్టీమీటరు ఉన్న నాన్నలూ, చేతిపని తెలిసిన అమ్మలూ చెరో బల్ల దగ్గర కూర్చుంటే చాలు. బాగుపడినవి బడి గుమ్మానికి కడదాం. బాగుపడనివి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, అన్నే కొత్తవి కొందాం.