తెరలు వచ్చాయి సరే, ఉర్దూ పాఠం ఏది?

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్ 21న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వం చెప్పిన లెక్క ఇది: ఎనిమిదో తరగతి విద్యార్థులు 4,59,564 మంది, టీచర్లు 59,176 మంది, మొత్తం 5,18,740 ట్యాబ్‌లు, విలువ రూ.686 కోట్లు. భాగించి చూస్తే ఒక్కో ట్యాబ్‌కు రూ.13 వేల పైచిలుకు. దాంతోపాటే 'నాడు-నేడు' కింద బాగుచేసిన బడుల్లో నల్లబల్ల పక్కన పెద్ద డిజిటల్ తెరలు బిగించారు. తెలంగాణ కూడా టీ-శాట్ చానెళ్లు, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, కంప్యూటర్ ల్యాబ్‌లతో అదే దారిలో ఉంది.

దేశం మొత్తం మీద చూసినా ఊపు కనిపిస్తోంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023-24లో ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం. ఏడాది తిరిగేసరికి అది 63.5 శాతానికి చేరింది. కంప్యూటర్ సదుపాయం 57.2 నుంచి 64.7 శాతానికి పెరిగింది. అంటే యంత్రాలు వస్తున్నాయి, తీగలు పడుతున్నాయి. ఇందులో వాదన ఏమీ లేదు.

వాదనంతా ఆ తెర మీద ఏముందన్న దగ్గరే. ముఖ్యంగా పాతబస్తీ, నిజామాబాద్, కర్నూలు, కడప, గుంటూరు లాంటి చోట్ల ఉర్దూ మీడియం సర్కారు బడికి వెళ్లే పిల్లకు ఆ తెర ఏ భాషలో మాట్లాడుతోంది? ఉర్దూకు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండో అధికార భాష హోదా దక్కింది. కాగితం మీద హోదా ఉంది. క్యూఆర్ కోడ్ వెనకాల మాత్రం ఆ హోదా పెద్దగా కనిపించదు.

కోడ్ స్కాన్ చేస్తే ఏమొస్తుంది

కేంద్రం 2017 సెప్టెంబర్ 5న 'దీక్ష' వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన ఉండే నలుపు తెలుపు గళ్ల బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసం తెరుచుకోవాలి. ఆలోచన మంచిదే. ట్యూషన్‌కు పంపలేని ఇంటికి ఇది ఉచిత ట్యూషన్ లాంటిది. తెలుగు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అందులో సామగ్రి బాగానే పోగైంది. వాటితో పోల్చితే ఉర్దూది పలుచన. సైన్స్, లెక్కలు పై తరగతులకు వెళ్లేకొద్దీ ఇంకా పలుచన.

అప్పుడు పిల్లలు చేసేది ఒక్కటే, యూట్యూబ్ తెరవడం. అక్కడ ఉర్దూలో సైన్స్ పాఠం వెతికితే చాలావరకు పాకిస్తాన్ బోర్డుల సిలబస్ ప్రకారం చేసినవి ఎదురవుతాయి. పాఠాల వరుస వేరు, ప్రశ్నల తీరు వేరు. హైదరాబాద్‌లో పదో తరగతి రాయబోయే అమ్మాయికి వాటితో ఒరిగేది కొంతే. అలాగని అసలేం లేదనీ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ ఉర్దూ పాఠ్యపుస్తకాలు దాని వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ మీడియా కేంద్రం ఏళ్లుగా ఉర్దూలో విద్యా వీడియోలు తయారు చేస్తోంది. ఆ పనిలో ఎక్కువ భాగం కాలేజీ స్థాయిది. ఆరో తరగతి భిన్నాల లెక్క దగ్గర ఇరుక్కున్న పిల్లాడి దాకా అది దిగిరావడం లేదు.

అక్షరం బొమ్మగా మారితే

ఉర్దూకు ఇంకో చిక్కు ఉంది. డబ్బుతో సంబంధం లేని చిక్కు కాబట్టి దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉర్దూ చదివేవాళ్ల కంటికి అలవాటైన రాత నస్తలీఖ్. పదం కుడివైపు పైన మొదలై ఎడమకు ఏటవాలుగా జారుతుంది. పక్కన ఏ అక్షరం వస్తే దాన్ని బట్టి ఒక్కో అక్షరం రూపు మారిపోతుంది. ఈ వంపులు పాత అచ్చు యంత్రాలకు లొంగలేదు. అందుకే ఉర్దూ పత్రికలను దశాబ్దాల పాటు కాతిబ్‌లు చేత్తో రాస్తే, ఆ రాతనే అచ్చు వేసేవారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ కృషితో నూరీ నస్తలీఖ్ కంప్యూటర్‌లోకి వచ్చింది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో ఉర్దూ డీటీపీ ఊరూరా పాకింది.

తెలుగు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్స్ సంగతి తెలిసినవాళ్లకు మిగతా కథ సులువుగానే అర్థమవుతుంది. అను ఫాంట్‌లో కొట్టిన తెలుగును వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి కదా, పాత ఇన్‌పేజ్ ఫైళ్లదీ అదే తంతు. అవి యూనికోడ్‌లో లేవు. దాంతో ప్రచురణకర్తలు, టీచర్లు పేజీని బొమ్మగా మార్చి పీడీఎఫ్‌లో పెట్టేశారు. ఉర్దూ నోట్స్ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి ఎక్కువగా ఈ బొమ్మలే.

చూడ్డానికి పాఠం ఉన్నట్టే ఉంటుంది. కానీ అందులో ఒక పదం వెతకలేం. పదం మీద వేలు పెడితే అర్థం రాదు. అక్షరాలు పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, పిల్ల అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. చూపు లేని పిల్లలకు పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ పేజీలో అక్షరమే కనబడదు. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న కృత్రిమ మేధ కూడా అంతే. శుభ్రమైన అక్షరాల రూపంలో పాఠం లేని భాషకు అది సరిగా సాయం చేయలేదు. పుస్తకాన్ని ఫొటో తీసి తెర మీద పెట్టడాన్ని డిజిటల్ పాఠం అనడం కష్టం, అది ఖరీదైన జెరాక్స్.

విచిత్రం ఏమిటంటే, సాంకేతికంగా ఈ సమస్య తీరిపోయి చాలా కాలమైంది. గూగుల్ 'నోటో నస్తలీఖ్ ఉర్దూ' ఫాంట్‌ను ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి ఐఫోన్‌లో ఉర్దూ నస్తలీఖ్‌లోనే కనబడుతోంది. ఇన్‌పేజ్ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. 2022 జూలైలో కేంద్రం ప్రారంభించిన 'భాషిణి' అనువాద వేదిక పరిధిలోనూ ఉర్దూ ఉంది. మిగిలింది కూర్చుని చేసే పని: రాష్ట్ర ఉర్దూ పాఠ్యపుస్తకాలను యూనికోడ్‌లోకి తేవడం, టీచర్ చేత ఒకసారి దిద్దించడం, చదివించి ఆడియో రికార్డు చేయడం.

కామర్స్ చదివిన వాళ్లు దీన్ని ఇంకోలా చూస్తారు. రూ.13 వేల ట్యాబ్‌కు ఏటా తరుగుదల రాయాలి. బ్యాటరీ దెబ్బతింటుంది, తెర పగులుతుంది, కొన్నేళ్లకు దాని విలువ సున్నా. సరిగా టైప్ చేసిన ఉర్దూ పాఠానికి సిలబస్ మారేదాకా తరుగుదల లేదు. వేయి మంది చదివినా, లక్ష మంది చదివినా ఖర్చు ఒక్కసారే. టెండర్లు, ఫొటోలు మాత్రం ట్యాబ్‌లకే వస్తాయి.

పాఠం ఎవరి సొత్తు

ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌లలో వేసి ఇచ్చిన పాఠాలు బైజూస్‌వి. 2022 జూన్‌లో ఆ కంపెనీతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 2024 జూలైలో అదే కంపెనీ మీద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియకు అనుమతి ఇచ్చింది. తప్పొప్పుల మీద రాజకీయ పార్టీలు కొట్టుకోవచ్చు. తల్లిదండ్రులు చూడాల్సింది వేరే. పాఠ్యపుస్తకాన్ని రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ రాయిస్తుంది కాబట్టి అది ప్రజల సొత్తు. ఒక కంపెనీ పాఠం ఆ కంపెనీ ఉన్నన్నాళ్లే. రేపు సిలబస్ మారితే దాన్ని మార్చేది ఎవరు, అందులో ఉర్దూ చేర్చమని ఎవర్ని అడగాలి అన్నది ఒప్పందం రాసే రోజే తేల్చుకోవాల్సిన విషయం.

ఇంతకీ తెరతో చదువు బాగుపడుతుందా? రెండు అనుభవాలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పేద ప్రాంతాల బడుల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచింది. 300కు పైగా బడుల్లో 15 నెలల తర్వాత పరిశోధకులు చూస్తే, కంప్యూటర్లు పెరిగాయి గానీ లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. రెండోది ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్ బృందం 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించింది. అక్కడ నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు స్పష్టంగా ముందుకెళ్లారు.

తేడా ఎక్కడుంది? పెరూలో యంత్రం ఇచ్చి వదిలేశారు. ఢిల్లీలో సాఫ్ట్‌వేర్ ముందు పిల్లవాడి స్థాయి కనిపెట్టింది. ఎనిమిదో తరగతిలో కూర్చున్నా నాలుగో తరగతి లెక్క రాకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టింది. సగం సమయం తెర ముందు గడిస్తే, మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి కూర్చోబెట్టి చెప్పారు. పైగా భాష ఆ పిల్లలకు తెలిసిన హిందీ. తెలంగాణ కూడా 2025లో ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో కొన్ని ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు నేర్పేందుకు కృత్రిమ మేధను వాడటం మొదలుపెట్టింది. ఇలాంటివి ఉర్దూ మీడియం బడికి ఎప్పుడొస్తాయో ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి.

మనిషి అనే చోటే ఇంకో గండి ఉంది. ఉర్దూ మీడియం టీచర్ పోస్టుల్లో రిజర్వేషన్ రోస్టర్ కింద ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి, ఉర్దూ చదివిన అభ్యర్థులు ఆ వర్గాల్లో దొరక్క ఏళ్లకు ఏళ్లు ఖాళీగానే ఉంటున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది పాత ఫిర్యాదే. లెక్కల సార్ లేని గదిలో తెర వెలుగుతూ ఉంటే దాన్ని ఆపి, 'ఇది ఎందుకలా అయింది?' అని అడిగేవాళ్లు ఎవరు? స్వీడన్ లాంటి సంపన్న దేశమే 2023లో తెరలు తగ్గించి అచ్చు పుస్తకాల వైపు మళ్లింది. అదే ఏడాది యునెస్కో నివేదిక కూడా సాంకేతికత టీచర్‌కు తోడుగా ఉండాలే తప్ప టీచర్ స్థానంలో కాదని చెప్పింది.

'అంతా ఇంగ్లిష్ మీడియానికే పోతున్నారు, ఇంకా ఉర్దూ పాఠాల గోల దేనికి?' అనే మాట మన ఇళ్లలోనే వినిపిస్తుంది. అందులో నిజముంది. తెలంగాణ మైనారిటీ గురుకులాలు 204 ఉంటే అవి నడిచేది ఇంగ్లిష్‌లోనే. సీట్ల కోసం తల్లిదండ్రులు తిరుగుతున్నారు కూడా. కోస్తాలో నూర్‌బాషా కుటుంబాల్లాగా ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలకు తెలుగు సామగ్రి సరిపోతుంది. కానీ ఇంట్లో దక్కనీ మాట్లాడి, బడిలో ఒక్కసారిగా ఇంగ్లిష్ సైన్స్ పుస్తకం తెరిచే పిల్లకు మధ్యలో ఒక మెట్టు కావాలి. తెలుగు పిల్లల కోసం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో రెండు రాష్ట్రాలూ పుస్తకాలు వేశాయి. ఆ మెట్టు ఉర్దూ పిల్లకు ఎందుకు ఉండకూడదు? అచ్చు ఖర్చు ఎక్కువంటే తెర మీదే ఇవ్వొచ్చు. డిజిటల్ అసలు పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఫోన్ ఎవరి చేతిలో

బడి దాటి ఇంటికొస్తే లెక్క మళ్లీ మారుతుంది. అసర్ 2024 సర్వే గ్రామీణ ప్రాంతాలది. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని అది తేల్చింది. వాళ్లలో అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. సొంత ఫోన్ అబ్బాయిల్లో 36.2 శాతం మందికి ఉంటే, అమ్మాయిల్లో 26.9 శాతం మందికే ఉంది.

ఆ తేడా ప్రతి ఇంట్లో తెలిసిందే. అబ్బా ఆటో తోలుకుని రాత్రి ఇంటికి చేరేదాకా ఫోన్ ఉండదు. వచ్చాక ముందు అన్న చేతికి, తర్వాత అప్పీ చేతికి. అప్పటికి చార్జింగ్ అయిపోతుంది, నిద్రా ముంచుకొస్తుంది. చెడిపోతారన్న భయంతో ఆడపిల్లకు ఫోన్ ఇవ్వని ఇళ్లూ ఉన్నాయి. భయం పూర్తిగా తప్పు కాదు. అయితే హోంవర్క్ వాట్సాప్‌లో వచ్చే రోజుల్లో ఆ భయం మూల్యాన్ని మార్కుల్లో కట్టేది ఆ పిల్లే. రోజూ ఒక గంట హాల్లో, అందరి ముందు, ఆమె పేరు మీద ఫోన్ పెట్టడం అంత కష్టమైన ఏర్పాటేం కాదు.

ఇక ప్రభుత్వాన్ని అడిగే దారి. విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, కమిటీలో సగం మంది మహిళలు కావాలి. ఉర్దూ మీడియం బడుల్లో ఆ కమిటీ సమావేశానికి పిలుపొస్తే సంతకం పెట్టి వచ్చేసేవాళ్లే ఎక్కువ. తెర మీద ఈ నెలలో ఎన్ని ఉర్దూ పాఠాలు నడిచాయి, దీక్షలో లేని పాఠాలు ఏవి, లెక్కల పోస్టు ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉంది అని అడిగి తీర్మానంగా రాయించే హక్కు ఆ అమ్మీలకు ఉంది. 2025 కేంద్ర బడ్జెట్ అన్ని ప్రభుత్వ సెకండరీ బడులకు బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామంది, భారతీయ భాషల్లో డిజిటల్ పుస్తకాల కోసం 'భారతీయ భాషా పుస్తక్' పథకాన్నీ ప్రకటించింది. రాష్ట్రాల విద్యాశాఖలకు ఉర్దూ పాఠాల జాబితా పంపాల్సివస్తే, అది ఈ కమిటీల తీర్మానాల్లోంచే తయారవ్వాలి.