కళ్లద్దాలకు అందని చూపు: వైద్యం ఆగిన చోట దారి చూపేదెవరు?

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక కీలక తీర్పు ఇచ్చింది. ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పాలనే షరతు అంధులకు, యాసిడ్ దాడుల బాధితులకు అడ్డంకిగా మారిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. ఈ తీర్పు అవసరం అంధులకే కాదు, చూపు కొంత మిగిలినవారికీ అంతే ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లోని నందినినే తీసుకోండి. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించే గనుల ఊరు. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లి భిలాయ్ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. మొదటి తరం ఎప్పుడో రిటైరైంది. పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. కానీ ఫోన్ తెరపై గీతలో తన ముఖం సరిగా పడిందో లేదో కనిపించని పెద్దాయనకు మనవడు పక్కన లేకపోతే ఆ సౌకర్యం ఎందుకు?

దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ప్రకారం, కళ్లద్దాలు పెట్టినా మెరుగైన కంటి చూపు 6/18 కన్నా తగ్గి 3/60 వరకు ఉంటే దాన్ని ‘లో విజన్’ అంటారు. మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరాన్ని మూడు మీటర్ల దగ్గరికొస్తే గానీ పోల్చుకోలేకపోవడమే 3/60. చూపు పరిధి బాగా కుంచించుకుపోయినా ఇదే కోవలోకి వస్తారు. గ్లకోమాలో పక్కచూపు పోతుంది. మాక్యులా దెబ్బతింటే నడిమి చూపు పోతుంది. అందుకే వీధిలో ఎవరి సాయమూ లేకుండా నడిచే మనిషి ఎదురొచ్చిన బావమరిదిని గుర్తుపట్టడు. పలకరించలేదని, పొగరని బంధువులు అనుకుంటారు. ఇలాంటి నిష్ఠూరాలు ఏ రిపోర్టులోనూ కనిపించవు.

తెలంగాణ 2018లో మొదలుపెట్టిన కంటి వెలుగు లాంటి శిబిరాలు కళ్లద్దాలతో, శుక్లాల ఆపరేషన్‌తో బాగయ్యేవారికి మేలు చేశాయి. ఆ రెండూ పనిచేయనివారి సంగతేమిటి? ‘ఇక చేయగలిగిందేమీ లేదు’ అన్న డాక్టరు మాట వైద్యం వరకు నిజమే కావచ్చు. పునరావాసం మొదలవ్వాల్సింది సరిగ్గా అక్కడే. చాలామంది మాత్రం ఆ మాటతోనే ఇంటికి వెళ్లిపోతారు. నా దృష్టిలో అసలు లోటు పరికరాలది కాదు, ఆ రెఫరల్ చీటీది.

పునరావాసంలో మిగిలిన చూపును వాడుకోవడం నేర్పుతారు. నడిమి చూపు పోయినవారికి తల కాస్త పక్కకు తిప్పి, బాగున్న రెటీనా భాగంతో చూడటం అలవాటు చేస్తారు. ఏ మాగ్నిఫయర్ ఎవరికి, ఎంత దూరంలో సరిపోతుందో పరీక్షించి ఇస్తారు. ఇంట్లో మార్పులకు పెద్దగా ఖర్చుండదు: తెల్లన్నానికి ముదురు రంగు కంచం, మెట్ల అంచుకు పసుపు టేపు, చదివేటప్పుడు పక్కనుంచి పడే దీపం. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ తెలుగులోనూ చదివి వినిపిస్తుంది.

తెలుగులో మాట్లాడే నిపుణులు కావాలంటే హైదరాబాద్‌తో పాటు విశాఖలోనూ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ నడుస్తోంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటేనే ఉద్యోగ రిజర్వేషన్ల వంటివి వర్తిస్తాయి. కాబట్టి ఆసుపత్రి కాగితాలన్నీ దాచి, యూడీఐడీ కార్డుకు ముందే దరఖాస్తు చేసుకోవాలి. ఆ దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే.