అపర అన్నపూర్ణ

మానవుడు దేవుడగుట యెట్లు? ఈ ప్రశ్న నేడు పౌరాణికులకంటె విద్యార్థులకే యెక్కువ పరిచితము. ‘ఎల్డర్ స్క్రోల్స్’ అను కంప్యూటరు ఆటల పరంపరలో టైబర్ సెప్టిమ్ అను చక్రవర్తి మరణానంతరము టాలోస్ అను పేర దేవుడగును. యుద్ధవిజయముచేతనా, అపహరించిన దివ్యశక్తిచేతనా, భక్తుల విశ్వాసముచేతనా అని ఆ యాటను మెచ్చినవారు ఏండ్ల తరబడి వాదించుకొనుచున్నారు. ఇది నవ్వి త్రోసివేయదగిన వాదము కాదు. క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున యూహెమెరస్ అను గ్రీకు రచయిత, దేవతలు పూర్వము రాజులే యనియు, జనులే వారిని దేవతలను గావించిరనియు వ్రాసెను.

తెలుగునాట ఈ మార్పు తరచుగా అకాలమరణముతో ముడివడి యుండును. కారెంపూడిలో పల్నాటి వీరులు, మేడారములో సమ్మక్క సారలమ్మలు, పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ—వీరి గాథలలో యుద్ధమో, అగ్నియో, అన్యాయమో తప్పక యుండును. భయమును పశ్చాత్తాపమును గలిసి అక్కడ గుడి కట్టినవి.

కోనసీమ వేరొక త్రోవ పట్టినది. లంకల గన్నవరమునకు కోడలుగా వచ్చిన డొక్కా సీతమ్మ 1841లో జన్మించి, 1909లో కన్నుమూసిన గృహిణి. ఆమె కత్తి పట్టలేదు, అగ్నిలో దుముకలేదు. గోదావరి పాయ దాటవచ్చిన బాటసారికి, వేళ కాని వేళనైనను, విస్తరి వేసి అన్నము పెట్టినది. భర్త జోగన్నగారి పొలములో పండిన ధాన్యమే ఆమెకు గల దివ్యశక్తి. ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేరి, త్రోవలో ఆకలిగొన్న కుటుంబమొకటి ‘సీతమ్మగారి యింటికి చేరినచో అన్నము దొరకును’ అని పిల్లల నూరడించుట విని, స్వామిని చూడకయే వెనుకకు మరలినదని కోనసీమలో చెప్పుకొందురు. దేవుని దర్శనము మానుకొన్న యామెనే లోకము అపర అన్నపూర్ణ యనినది.

ఆ బిరుదములో కృతజ్ఞత యున్నది. కొంత తప్పించుకొనుటయు నున్నది. కాశీ అన్నపూర్ణ పాత్ర వట్టిపోదు, ఆమె గరిటె అలసిపోదు. గన్నవరపు వంటింటిలో వడ్లు దంపవలెను, కట్టెలు తేవలెను, పొగలో కూర్చుండి పొయ్యి యూదవలెను. గాదె తరిగినకొలది రేపటికెట్లని తలపోయవలెను. దేవత యనిన మరుక్షణమున ఈ శ్రమ యంతయు మాయమగును. ఆమె దేవత గనుక పెట్టినది, మనము మానవులము గనుక పెట్టలేము అను సాకు మాత్రము మిగులును.

కాటను దొర విషయమును ఇట్టిదే. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట ఈ డెల్టాకు ప్రాణము. ఆయన పేరు స్నానసంకల్పములో చెప్పిన పురోహితులున్నారని ప్రతీతి. అపర భగీరథుడని పొగడినవారు అసంఖ్యాకులు. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు ఏ సంకల్పములోను లేవు. అసలు భగీరథుడును మానవుడే. తెలుగు భాష ఆయనను గుడిలో గాక ప్రయత్నములో నిలిపినది; అది వివేకముగల పని.

గన్నవరము వద్ద వైనతేయమీది క్రొత్త అక్విడక్టు సీతమ్మ పేరనే యున్నది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. కావున అమలాపురము, రాజోలు, కొత్తపేట బడులలో ఉపాధ్యాయుడు ఆమె కథ చెప్పక తప్పదు. ‘అన్నపూర్ణాదేవి యవతారము’ అని మొదలుపెట్టినచో పిల్లవాడు నమస్కరించి విస్తరి ముందు కూర్చుండును, అంతటితో సరి. పొలము, గాదె, పొయ్యి, వెనుకకు మరలిన ప్రయాణము—వీటితో మొదలుపెట్టినచో ప్రశ్నలు వేయును. ఇంతమందికి బియ్యమెక్కడివి? ఎవరు వండిరి? విసుగు రాలేదా? బిరుదమును చివర చెప్పినను నష్టము లేదు.

ఆ పేరుతో నేడు తమకు వడ్డించు అన్నమును ప్రొద్దుటినుండి పొయ్యి యొద్ద నిలిచి వండుచున్న స్త్రీ పేరేమో, తరగతిలో ఎందరు చెప్పగలరో ఉపాధ్యాయులు ఒకసారి అడిగి చూడవచ్చును.