మైన్లు ఏరే ఓడ ఏది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు సముద్రం దూరం. అయినా గండికోట లోయ దాటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పారే పెన్న చివరికి కలిసేది బంగాళాఖాతంలోనే. బద్వేలు అవతల, నెల్లూరు జిల్లాలో ఉండే ఉదయగిరి కొండల పేరు కూడా ఇప్పుడు సముద్రం మీద తిరుగుతోంది. 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన ఫ్రిగేట్‌కు పెట్టింది ఆ పేరే.

ఆ ఓడను మనం ‘యుద్ధనౌక’ అని ఊరుకున్నాం. నౌకాదళం ఓడలన్నిటినీ ఆ ఒక్క మాటతో చుట్టేస్తే, దేశానికి ఏ ఓడ ఉందో, ఏది కొరవడిందో తెలియదు. జలప్రవేశాన్నీ, దళంలో చేరికనూ కూడా ఒకటే అనుకుంటాం. ఉదయగిరి నీళ్లలోకి దిగింది 2022 మేలో. దళంలో చేరడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

అన్నిటికంటే పెద్దది విమానవాహక నౌక. 262 మీటర్ల విక్రాంత్ మీద నుంచి యుద్ధవిమానాలు లేస్తాయి. దాన్ని ఒంటరిగా పంపరు. శత్రు విమానాలను, క్షిపణులను దూరాన ఉండగానే కూల్చడానికి వెంట డిస్ట్రాయర్లు ఉంటాయి. 7,400 టన్నుల ఐఎన్ఎస్ విశాఖపట్నం ఆ కోవది. ఫ్రిగేట్ కొంచెం చిన్నది, అన్ని పనులకూ అక్కరకొస్తుంది. ఇంకా చిన్నవి కార్వెట్లు. విశాఖలో ఉండే కమోర్తా, కద్మత్ వంటివాటిని జలాంతర్గాములను వెతికి కొట్టడానికే కట్టారు.

జలాంతర్గామి అంటే ఏమిటో తెలియాలంటే విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర లోపలికి దిగాలి. 1969 నుంచి 2001 దాకా పనిచేసిన ఓడ అది. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం మనిషి మనిషిని ఒరుసుకుంటూ పోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలో తల వంచి, కాలు ఎత్తి దూరాలి. ముందు గదిలో టార్పెడోల పక్కనే పడకలు. సుమారు 75 మంది అందులోనే తిని, అందులోనే పడుకుని, రోజుల తరబడి సూర్యుణ్ణి చూడకుండా కాపలా కాశారు. పిల్లలను తీసుకుపోయి చూపించండి.

ఈ ఓడలన్నీ రేవు దాటి బయటికి రావాలంటే దారి శుభ్రంగా ఉండాలి. నీళ్లలో పరిచే మందుపాతరలే మైన్లు. 1971 డిసెంబరులో విశాఖ ముంగిట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి అప్పగించిన పనుల్లో మైన్లు పరచడం ఒకటి. ఓడ ఇనుముకు ఉండే అయస్కాంత గుణాన్ని పసిగట్టి పేలే మైన్లు ఉంటాయి. అందుకే వాటిని ఏరే ఓడలను ఆ గుణం బాగా తక్కువగా ఉండేట్టు ప్రత్యేకంగా కడతారు. మన కాకినాడ పేరుతోనూ అలాంటి ఓడ ఒకటి ఉండేది. మూడు దశాబ్దాలు పనిచేసి 2017 మేలో సెలవు తీసుకుంది. 2019 ఏప్రిల్‌లో కోళిక్కోడ్ కూడా తప్పుకోవడంతో ఆ తరగతి ఓడ ఒక్కటీ మిగల్లేదు.

దక్షిణ కొరియా సంస్థ తోడ్పాటుతో గోవా షిప్‌యార్డులో అలాంటివి 12 కట్టాలన్న ప్రయత్నం 2018లో ఆగిపోయింది. 2025 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి వాటి అవసరాన్ని గుర్తించి ఆమోదం తెలిపింది. అది తొలి మెట్టు మాత్రమే. టెండరు, ఒప్పందం, నిర్మాణం ఆ తర్వాతి సంగతి.

నడిసముద్రంలో ఓడలకు ఇంధనం, తిండి, మందుగుండు అందించే ఓడల విషయం కొంత మేలు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు 2023 ఆగస్టులో అలాంటివి ఐదు కట్టే పని దక్కింది. ఒక్కొక్కటి 44,000 టన్నులు, మొత్తం ఒప్పందం సుమారు 19,000 కోట్లు. తుపాకులు ఎక్కువ లేని ఓడలకు ఇంత డబ్బా అనే వాళ్లుంటారు. అవి లేకపోతే విక్రాంతయినా ఇంధనం కోసం రేవుకు తిరిగి రావాల్సిందే.

విశాఖ మన రాష్ట్ర రేవు. అందులోంచి ఓడలు నిర్భయంగా బయటికి పోవడం మనందరి పని. పార్లమెంటులో మన ఎంపీలు ఈ ఒక్క ప్రశ్న వేయాలి: మైన్లు ఏరే కొత్త ఓడల్లో మొదటిది ఏ తేదీన నీళ్లలోకి దిగుతుంది?